మనసు రానప్పుడు గుడికి వెళ్లడం నటనేనా?

ప్రశ్న: ఫాదర్ గారికి వందనాలు. నాకు నలభై ఆరేళ్లు. పెళ్లయినప్పటి నుంచి మా విచారణ (పారిష్) గాయక బృందంలో పాడుతున్నాను. రెండేళ్ల కిందట మా వారి ఉద్యోగం పోయింది. నవదిన ప్రార్థనలు ఒకదాని తర్వాత ఒకటి చేశాను. ఉద్యోగం రాలేదు, అప్పులు పెరిగాయి. అప్పటి నుంచి జపమాల పట్టుకుంటే పెదాలు కదులుతున్నాయి గానీ లోపల ఏమీ లేదు. ఇది చాలదన్నట్టు, పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి ఆరాధన)లో ఎర్రసముద్రం పఠనం తర్వాత ఏటా నేను పాడే కీర్తనను ఈసారి నాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఇంకొకావిడకు ఇచ్చేశారు. విచారణ గురువు గారికి చెప్పుకుంటే "సర్దుకుపోండమ్మా" అన్నారు. ఆ తర్వాత గుడికి వెళ్లడం మానేశాను. ఆదివారం పూజ ఫోన్‌లో చూస్తున్నాను. మా అబ్బాయిని మాత్రం పంపిస్తున్నాను. వాడికి పదహారేళ్లు. మొన్న "నీకే నమ్మకం లేదు, నన్నెందుకు వెళ్లమంటావు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నమ్మకం లేకుండా వెళ్లి కూర్చుంటే దేవుణ్ణి మోసం చేసినట్టు కాదా? అంతకంటే ఇంట్లో ఉండి ఫోన్‌లో చూడటమే నిజాయితీ కదా? — పేరు రాయవద్దన్న ఒక సోదరి

సమాధానం:

అమ్మా, అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెబుతాను. మనసు రాకపోయినా గుడికి వెళ్లడం మోసం కాదు. లేని భక్తిని ఉన్నట్టు నలుగురికీ చూపించుకోవాలనుకుంటే అది నటన. మీకు ఆ ఉద్దేశం ఎక్కడా లేదు. లోపల ఏమీ లేదని దాచకుండా రాశారు. దేవుడి దగ్గర కూడా అంతే దాచకుండా నిలబడవచ్చు. గుడిలో కూర్చుని "ప్రభూ, ఈ రోజు నా దగ్గర ఏమీ లేదు" అనడం కూడా ప్రార్థనే. నా వరకు అది చాలా నిజమైన ప్రార్థన.

కళ్లు చెమర్చితే విశ్వాసం ఉన్నట్టు, ఏమీ అనిపించకపోతే పోయినట్టు లెక్కవేసుకోవడం మనలో చాలామందికి అలవాటు. శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం, అలా లెక్కవేయదు. పూజలో సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకునే ముందు, ఒకరికొకరు శాంతి సమాధానాలు చెప్పుకునే సమయంలో గురువు చేసే ప్రార్థనను మీరు లెక్కలేనన్ని సార్లు విని ఉంటారు. మా పాపాలను చూడవద్దు, మీ శ్రీసభ విశ్వాసాన్ని చూడండి అని అందులో ప్రభువును వేడుకుంటాం. బలిపీఠం దగ్గర నిలబడి నేను నా ఒక్కడి విశ్వాసాన్ని చూడమని అడగలేను. ఏ గురువూ అడగలేడు. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయనది, పసిబిడ్డను ఊరుకోబెడుతూ గుమ్మం దగ్గరే నిలబడిపోయిన తల్లిది, ఎప్పుడో కన్నుమూసిన మన పెద్దలది, వేదసాక్షులది, మరియమాతది, అందరిదీ కలిపి చూడమని అడుగుతున్నాం. ఈ ఆదివారం మీరు ఖాళీ చేతులతో వచ్చినా ఆ మొత్తానికి లోటు రాదు. పైగా అందులో మీకూ వాటా ఉంది. పెళ్లయిన నాటి నుంచి మీరు పాడినదంతా అందులోనే ఉంది.

మార్కు సువిశేషం రెండో అధ్యాయంలోని పక్షవాత రోగి కథ మీకు తెలుసు. నలుగురు మోసుకొచ్చారు. జనం అడ్డంగా ఉంటే ఇంటి కప్పు విప్పి, పడకతో సహా అతణ్ణి కిందికి దింపారు. యేసు ప్రభువు "వారి విశ్వాసాన్ని" చూసి ఆ రోగితో మాట్లాడాడని మార్కు రాశాడు. రోగి సంగతి విడిగా ఏమీ చెప్పలేదు. అతడు ఆశతో వచ్చాడో, ఇంక ఏమీ జరగదులే అనుకుంటూ వచ్చాడో మనకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే, మోసేవాళ్లు వదిలిపెట్టలేదు, అతడు వద్దనలేదు. విచారణ అనగానే నాకు ఆ నలుగురే గుర్తొస్తారు. ఇన్నేళ్లూ మీ పాట ఎంతోమందిని మోసింది. ఇప్పుడు మిమ్మల్ని మోయాల్సిన వంతు వాళ్లది. మీరు ఇంట్లో తలుపు వేసుకుంటే వాళ్లకు ఆ అవకాశం ఎలా దొరుకుతుంది?

ఇక జపమాల సంగతి. లిజియు పునీత చిన్న తెరేసమ్మ 24 ఏళ్లకే, 1897లో కన్నుమూసింది. వంద ఏళ్ల తర్వాత శ్రీసభ ఆమెను మన ఉపదేశక పండితుల (బోధనకు గుర్తింపు పొందిన పునీతుల) సరసన నిలబెట్టింది. ఆమె పటం చేతిలో సిలువతో, గులాబీలతో చాలా గుడులలో కనిపిస్తుంది కాబట్టి ఆమె ప్రార్థన కూడా పూల దారిలో సాగిందనుకుంటాం. ఒంటరిగా జపమాల చెప్పడం తనకు తపస్సు సాధనం ఒంటికి కట్టుకోవడం కంటే కష్టంగా ఉంటుందని ఆమే రాసుకుంది. ఎంత ప్రయత్నించినా మనసు నిలిచేది కాదట. మరియమాత అంటే అంత ప్రేమ ఉండి కూడా ఇదేమిటని చాలాకాలం బాధపడింది. తర్వాత ఆ బాధ తగ్గించుకుంది. తల్లి కాబట్టి తన మంచి కోరికను చూసి సంతోషిస్తుందిలే అని నమ్మి ఊరుకుంది. మనసు పూర్తిగా ఎండిపోయి ఒక్క ఆలోచన కూడా రాని రోజుల్లో పరలోక జపం (ప్రభువు నేర్పిన ప్రార్థన), ఆ తర్వాత మంగళవార్త జపం (మరియమాతకు చేసే ప్రార్థన) చాలా నెమ్మదిగా చెప్పుకునేది. దానితోనే తన ఆత్మకు పోషణ దొరికిందని రాసింది. 1896 పాస్కా రోజుల నుంచి చనిపోయేదాకా పరలోకం అనేది ఉందా అన్న చీకటి కూడా ఆమెను వదల్లేదు. ఆ చీకటిలో ఆమె ప్రార్థన గంటలు మానలేదు. తోటి సిస్టర్ల మధ్య నుంచి తప్పుకోలేదు.

అవిలా పునీత తెరేసమ్మ ప్రార్థన గురించి రాసినంత లోతుగా రాసినవాళ్లు తక్కువ. ఆమె కూడా కొన్నేళ్లపాటు ప్రార్థన గంట ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూసేదాన్నని ఒప్పుకుంది. మదర్ తెరేసా ఉత్తరాలు 2007లో వెలుగులోకి వచ్చినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది. దేవుడు తనకు దూరమైనట్టు ఏళ్ల తరబడి ఆమె అనుభవించిన శూన్యం వాటిలో ఉంది. 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించడానికి ఆ ఉత్తరాలు అడ్డు రాలేదు.

గురువులుగా మేము రోజూ చెప్పే కీర్తనల ప్రార్థనలో, శుక్రవారం పడుకోబోయే ముందు 88వ కీర్తన వస్తుంది. కీర్తనల్లో దాదాపు ప్రతి ఏడుపూ చివరికి ఏదో ఒక ఆశతో ముగుస్తుంది. ఇది మాత్రం చీకటి దగ్గరే ఆగిపోతుంది. స్నేహితులు దూరమయ్యారు, ఇక మిగిలింది చీకటే అంటుంది, అక్కడితో అయిపోతుంది. మొదట్లో నాకు ఇది ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు ఆ కీర్తన చెప్పేటప్పుడు మీలాంటివాళ్ల ముఖాలు గుర్తుకొస్తాయి. దేవుడు తన మీద వేసిన ఇంత పెద్ద ఫిర్యాదును తన గ్రంథంలోనే ఉంచుకున్నాడు. మన నోటికి అందించి, ఇది చెప్పుకో అన్నాడు. రేపు శుక్రవారం రాత్రి మీరు కూడా దాన్ని గట్టిగా చదవండి. సంతోషం నటించాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక విషయం అడగాలి, ఏమీ అనుకోకండి. ప్రార్థన ఒక్కటే రుచించడం లేదా, లేక నిద్ర, తిండి, మనుషులతో మాట్లాడటం, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులు కూడా రుచించడం లేదా? రెండేళ్లుగా డబ్బు టెన్షన్ మోసిన మనిషి కుంగిపోవడం మామూలే. అన్నీ ఒకేసారి చప్పబడిపోయి ఉంటే అది విశ్వాస సమస్య కంటే ముందు ఆరోగ్య సమస్య కావచ్చు. డాక్టర్‌కు చూపించుకోండి. అది దేవుడి మీద నమ్మకం లేకపోవడం కాదు. జ్వరం వస్తే మందు వేసుకునేటప్పుడు మనం అలా అనుకోం. ప్రార్థన ఎక్కువ చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా అంటే, అన్నది గురువైనా సరే, ఆ మాట పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానకండి.

నవదిన ప్రార్థనలు ఫలించలేదన్నారు. మీ ఉత్తరంలో అసలు గాయం ఇక్కడే తగిలిందని నాకు అనిపిస్తోంది. తొమ్మిది రోజులు ప్రార్థించే పద్ధతికి మూలం అపొస్తలుల కార్యాల మొదటి అధ్యాయంలో ఉంది. ప్రభువు మోక్షారోహణం తర్వాత శిష్యులు మరియమాతతో కలిసి, పవిత్రాత్మ దిగివచ్చే వరకు మేడగదిలో ప్రార్థిస్తూ ఎదురుచూశారు. ఎప్పుడు వస్తాడో, ఎలా వస్తాడో వాళ్లకు తెలియదు. రోజులు లెక్కపెట్టి, ఇన్ని చేశాం కాబట్టి ఇది జరగాలి అనే బేరం అందులో లేదు. చేతికి దొరికిన కరపత్రాల మీద "తొమ్మిదో రోజుకల్లా తప్పక నెరవేరును" అని అచ్చు వేసి పంచేవాళ్లు భక్తుల గుండెలకు చాలా కీడు చేస్తున్నారు. శ్రీసభ ఎక్కడా అలాంటి హామీ ఇవ్వదు. మీరు బేరం ఆడారని నేను అనడం లేదు. మునిగిపోతున్నప్పుడు దొరికినదల్లా పట్టుకున్నారు, అంతే. ఉద్యోగం కోసం అడగడం తప్పు కాదు. అనుదిన ఆహారం కోసం అడగమని నేర్పింది ప్రభువే.

అడిగినది రానప్పుడు ఏమనుకోవాలి? నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నట్టు చెప్పను కూడా. పునీత మోనికమ్మ సంగతి మాత్రం చెబుతాను. 383లో ఆమె కొడుకు అగస్టీను కార్తేజు నుంచి రోముకు వెళ్లిపోవాలనుకున్నాడు. వద్దని ఆమె సముద్రం ఒడ్డు దాకా వెంటబడింది. వాడు అబద్ధం చెప్పి తప్పించుకున్నాడు. ఆ రాత్రంతా ఆమె దగ్గరలోని పునీత సిప్రియాను గుడిలో, వాడి ఓడ కదలకూడదని ఏడుస్తూ ప్రార్థించింది. తెల్లారేసరికి ఓడ లేదు. ఆమె అడిగింది అడిగినట్టు జరగలేదు. రోము నుంచి అతడు మిలాను చేరాడు, అక్కడి బిషప్పు అంబ్రోసు ప్రసంగాలు విన్నాడు, 387 పాస్కా జాగరణ రాత్రి ఆయన చేతుల మీదుగా జ్ఞానస్నానం తీసుకున్నాడు. ఆమె ఎప్పటినుంచో అడుగుతున్నది ఇవ్వడానికే ఆ రాత్రి అడిగినదాన్ని దేవుడు ఇవ్వలేదని అగస్టీను తర్వాత రాసుకున్నాడు. ఇది నాలుగేళ్ల తర్వాత తెలిసిన మాట. ఒడ్డున నిలబడిన ఆ ఉదయం మోనికమ్మకు ఇదేమీ తెలియదు. మీరు ఇప్పుడు ఆ ఒడ్డున ఉన్నారు. అక్కడ నిలబడి ఏడవడాన్ని అవిశ్వాసం అని నేను అనను.

ఫోన్ పూజ గురించి నిర్మొహమాటంగా చెబుతాను. మంచం పట్టినవాళ్లకు, కదలలేనివాళ్లకు, దగ్గరలో పూజ లేనివాళ్లకు అది గొప్ప వరం. పునీత క్లారమ్మ జబ్బుతో క్రిస్మస్ రాత్రి పూజకు వెళ్లలేకపోతే, గదిలో ఉండగానే ఆ పూజ ఆమెకు కనిపించిందని చెబుతారు. అందుకే పోప్ పన్నెండవ పయస్ గారు 1958లో ఆమెను టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా ప్రకటించారు. 2020లో గుడులన్నీ మూతపడ్డప్పుడు పోప్ ఫ్రాన్సిస్ గారి ఉదయం పూజను ఇళ్లలో ఉండి చూసినవాళ్లం మనమంతా. అయితే తెర మీద మాత్రమే ఉండే శ్రీసభకు అలవాటు పడకూడదని ఆ ఏప్రిల్‌లోనే ఆయన హెచ్చరించారు. వెళ్లగలిగే ఆరోగ్యం, వీలు ఉన్న కథోలికులకు ఆదివారం పూజలో పాల్గొనడం బాధ్యత. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం కూడా అదే చెబుతుంది. ఇన్ని వారాలు మానేసిన సంగతి పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) చెప్పుకోండి. భయపడాల్సింది ఏమీ లేదు, చెప్పుకుంటే బరువు దిగుతుంది.

చట్టం మాట పక్కనబెట్టినా ఇంకో సంగతి ఉంది. వ్యాధిగ్రస్తులకు సత్ప్రసాదం ఇవ్వడానికి ఇళ్లకు వెళ్తుంటాను. అలాంటి ఒక ఇంట్లో మంచం దిగలేని పెద్దావిడ ఉంది. మంచం ఎదురుగా టీవీ. ఆదివారం పూజ మొదటి నుంచి చివరి దాకా చూస్తుంది, జవాబులు కూడా పైకి చెబుతుంది. నేను మెడలోని చిన్న సంచిలోంచి సత్ప్రసాద భరిణె తీసి, తెల్లగుడ్డ పరిచి, ప్రార్థన చెప్పి ఆమెకు ప్రభువును అందిస్తాను. కాసేపు కళ్లు మూసుకుంటుంది. తెరవగానే ప్రతిసారీ అవే ప్రశ్నలు. "ఈ వారం ఎవరు పాడారు ఫాదర్? ఆ మూలనున్న ఆవిడ వచ్చిందా? నా చోట ఎవరు కూర్చుంటున్నారు?" ఫలానావాళ్లని చెబితే తృప్తిగా తల ఊపుతుంది. ఎవరూ కూర్చోవడం లేదంటే ఆమె ముఖం చిన్నబోతుంది. టీవీలో పీఠం స్పష్టంగా కనిపిస్తుంది, గుడి సగం నుంచి చూసేవాళ్లకంటే బాగానే కనిపిస్తుంది. ఆమెకు కావాల్సిన ఆ మనుషులు మాత్రం తెరలో లేరు. మీకు కాళ్లున్నాయి అమ్మా. మీ చోటు ఖాళీగా ఉందని ఎవరో ఒకరు గమనిస్తూనే ఉంటారు.

ఇప్పుడు గాయక బృందం గొడవ. "సర్దుకుపోండి" అన్నది చాలే జవాబు కాదు. ఒక గురువుగానే ఈ మాట చెబుతున్నాను. మిమ్మల్ని కూర్చోబెట్టి ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, ముందుగా మీకెందుకు చెప్పలేదు అని విచారించి ఉండాల్సింది. ఏళ్ల తరబడి చేసిన సేవను ఒక్క మాట లేకుండా తీసి పక్కనపెడితే ఎవరికైనా గుండె కోసినట్టే ఉంటుంది. మీ బాధ చిన్నది కాదు.

అలాగని అవతలి ఆవిడకు పాడే హక్కు లేదని కూడా కాదు. ఆ కీర్తన ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఇది మీకూ తెలుసు. పాస్కా జాగరణ రాత్రి పాత నిబంధన నుంచి ఏడు పఠనాలు ఉన్నాయి, ఒక్కోదాని తర్వాత ఒక్కో కీర్తన. కొన్ని విచారణల్లో సమయం చాలక పఠనాలు తగ్గిస్తారు. అయినా ఎర్రసముద్రం పఠనాన్ని వదిలిపెట్టకూడదు, పాడాల్సిన కీర్తన ఒక్కటే మిగిలే పరిస్థితీ రాదు. ఇద్దరికీ, ముగ్గురికీ చోటున్న రాత్రి అది. ముందే కూర్చుని పంచుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. వచ్చే ఏడాదికి తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్) మొదటి వారంలోనే జాబితా రాసి అందరికీ చూపించమని మీరే సూచించవచ్చు.

విచారణలో ఆడవాళ్లిద్దరి మధ్య మాట పడగానే "ఆడవాళ్ల గొడవలు" అని కొట్టిపారేస్తారు. పౌలు గారు అలా కొట్టిపారేయలేదు. ఫిలిప్పీయులకు రాసిన లేఖ నాలుగో అధ్యాయంలో యువోదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీల పేర్లు పెట్టి మరీ, ప్రభువులో ఏకమనసుతో ఉండమని బతిమాలాడు. ఎవరిది తప్పో తీర్పు చెప్పలేదు. ఇద్దరూ సువిశేషం కోసం తనతో కలిసి పాటుపడ్డారని గుర్తుచేశాడు. వాళ్లకు సాయం చేయమని మూడో మనిషిని కూడా అడిగాడు. మీరూ ఇదే వరుసలో వెళ్లండి. మొదట ఆవిడతో మీరొక్కరే మాట్లాడండి. మత్తయి సువిశేషం 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది ఇదే, ముందు ఒంటరిగా వెళ్లమని. "నా కీర్తన ఎందుకు తీసుకున్నావు" అని మొదలుపెట్టకండి. "నాకు ముందు చెప్పి ఉంటే బాగుండేది, చాలా బాధపడ్డాను" అని చెప్పండి. ఆవిడకు అసలు ఈ సంగతే తెలియకపోవచ్చు. ఎవరో పాడమన్నారు, పాడింది. మాట కలవకపోతే మీ ఇద్దరూ గౌరవించే ఒక పెద్దమనిషినో, సిస్టర్‌నో మధ్యలో పెట్టుకోండి. ఆ తర్వాత విచారణ గురువు గారి దగ్గరికి ఇంకోసారి వెళ్లండి. పూజ అయిన వెంటనే సక్రీస్తు (గురువు పూజ వస్త్రాలు వేసుకునే గది) గుమ్మంలో నిలబెట్టి అడగకండి. ఆ సమయంలో పదిమంది పది పనుల మీద ఉంటారు, మా నోటి నుంచి సగం మాటలే వస్తాయి. విడిగా సమయం అడిగి, కూర్చుని చెప్పండి.

అయితే బృందానికి రాజీనామా మాత్రం ఇప్పుడు ఇవ్వకండి. లొయోలా ఇగ్నేషియస్ గారు ఆత్మ కదలికలను గమనించడానికి రాసిన సూత్రాల్లో ఒకటి నాకు చాలాసార్లు దారి చూపింది. మనసు చీకట్లో ఉన్నప్పుడు, అంతకుముందు వెలుగులో తీసుకున్న నిర్ణయాలను మార్చకూడదు అంటాడాయన. మీరు పాడాలని నిర్ణయించుకున్నది వెలుగులో. మానేయాలనుకున్నది చీకట్లో. రెండో దాన్ని నమ్మకండి. గొంతు పెగలకపోతే కొన్ని వారాలు విరామం కావాలని అడిగి, జనంలో కూర్చోండి. బృందం వైపు నుంచి కాక జనం వైపు నుంచి పూజ విని ఎన్నాళ్లయిందో కదా.

ఇంట్లో ప్రార్థన ఎలా చేయాలో కూడా చెప్పనివ్వండి. జపమాల మొత్తం పూర్తిచేయాలనే పట్టుదల కొంతకాలం పక్కన పెట్టండి. రోజుకు ఒక్క పదిపూసల వరస చాలు. ధ్యానాంశం పేరు చెప్పాక వెంటనే మొదలుపెట్టకుండా కాసేపు మౌనంగా ఉండండి. పోప్ రెండవ జాన్ పాల్ గారు 2002లో జపమాలకు వెలుగు ధ్యానాంశాలను జోడించినప్పుడు ఈ మౌనాన్ని కూడా సూచించారు. మంగళవార్త జపంలో యేసు నామం దగ్గర ఆగి, ఆ ధ్యానాంశానికి సంబంధించిన ఒక చిన్న మాట చేర్చుకునే అలవాటు కొన్నిచోట్ల ఉందని, అది మంచిదని కూడా ఆయన చెప్పారు. మీరు ప్రస్తుతానికి దుఃఖ ధ్యానాంశాల్లో మొదటిది, గెత్సెమనే తోటలో ప్రభువు వేదన, అదొక్కటే తీసుకోండి. ప్రభువు కూడా ఈ గిన్నె తొలగించమని అడిగాడు, అదే మాట మళ్లీ మళ్లీ అడిగాడు. మెలకువగా ఉండమన్న స్నేహితులు నిద్రపోయారు. మీరు చేసిన ప్రార్థనకు ఇంత దగ్గరగా ఉన్న చోటు సువిశేషంలో ఇంకొకటి నాకు కనిపించదు. మనసు ఎటో పోతే తిట్టుకోకండి, మళ్లీ ఆ తోటలోకి రండి. అదీ వీలుకాని రోజు పరలోక జపం ఒక్కటి, చిన్న తెరేసమ్మ చెప్పుకున్నట్టు నెమ్మదిగా. గుడి తెరిచి ఉన్న వేళ దొరికితే సత్ప్రసాదం ఉంచే పరిశుద్ధ మందసం ముందు ఊరికే కూర్చున్నా సరే.

మీ వారి సంగతి విచారణలో ఎంతమందికి తెలుసు? చాలామంది గుడిలో పాట పాడతారు, పూలు పెడతారు, ఇంట్లో అప్పుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పరు. పరువు పోతుందని భయం. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం అనే ఇరవై ఏళ్ల విద్యార్థి తన స్నేహితులతో కలిసి, కష్టంలో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి సాయం చేయడం మొదలుపెట్టాడు. అదే విన్సెంట్ డి పాల్ సంఘం. ఈ రోజు ఎన్నో విచారణల్లో ఉంది. ఇళ్లకు వెళ్లి మాట్లాడతారు, సాయం చేసిన సంగతి బయటికి పొక్కనివ్వరు. మీ విచారణలో ఉంటే చెప్పుకోండి. లేకపోతే మీరు నమ్మే ఒకరిద్దరికైనా మీ వారు పని వెతుక్కుంటున్నారని చెప్పండి. నవదిన ప్రార్థనకు జవాబు ఒక్కోసారి పక్క వరుసలో కూర్చున్న మనిషి నోటి నుంచి వస్తుంది. మనం చెప్పకపోతే ఆ మనిషికి ఎలా తెలుస్తుంది?

చివరికి మీ అబ్బాయి. వాడు అన్న మాట మీకు దెబ్బలా తగిలింది గానీ, అందులో అమర్యాద నాకు కనిపించలేదు. పదహారేళ్లవాళ్లు తల్లిదండ్రుల మాటకూ చేతకూ మధ్య తేడాను ఇట్టే పసిగడతారు. వాడు పసిగట్టాడు, మనసులో పెట్టుకోకుండా మీ ముఖం మీదే అడిగాడు. ఆ తలుపు తెరిచి ఉండటం మంచిదే. అగస్టీను కూడా పదహారేళ్లప్పుడు ఇంట్లో డబ్బు చాలక చదువు ఆగిపోయి ఏడాది ఖాళీగా ఉన్నాడు. దారి తప్పడం ఆ ఏడాదే మొదలైందని తర్వాత రాసుకున్నాడు. ఇంట్లో డబ్బు కష్టం పెద్దవాళ్లనే కాదు, ఆ వయసు పిల్లలను కూడా లోలోపల తినేస్తుంది. తండ్రి ఉద్యోగం గురించి వాడు కూడా ప్రార్థించాడేమో, ఆ ప్రార్థన ఫలించలేదని మీలాగే మూగబోయాడేమో అడిగి చూడండి.

వాడికి అబద్ధం చెప్పకండి. "నాకు నమ్మకం ఉంది, నువ్వు నోరు మూసుకుని వెళ్లు" అంటే వాడు నమ్మడు. "నాకు ఇప్పుడు ప్రార్థన రావడం లేదురా. అయినా పూర్తిగా వదిలేయాలని లేదు. నాకు రానప్పుడు నలుగురితో కలిసి కూర్చుంటాను, వాళ్ల ప్రార్థనలో ఉంటాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ ఆదివారం వాణ్ణి "వెళ్లు" అనకండి. "నేను వెళ్తున్నాను, వస్తావా?" అనండి. రానంటే ఆ ఉదయం గొడవ పెట్టుకోకుండా మీరు వెళ్లండి. వచ్చే ఆదివారం మళ్లీ అడగండి. వస్తే పక్కన కూర్చోబెట్టుకోండి. మధ్యలో మీకు కన్నీళ్లొచ్చినా, ఏమీ రాకపోయినా వాడి ముందు దాచకండి.

రేపు ఉదయం పూజ మీ కుటుంబం కోసం అర్పిస్తున్నాను. మీ ముగ్గురి పేర్లు నాకు రాసి పంపండి. విచారణ గురువు గారితో మాట్లాడాక ఏమన్నారో కూడా రాయండి.